మంచులో తిరిగొచ్చాక వెలిగే లైట్లు

మంచు తుఫాను వెలిసిన మర్నాడు ట్రక్కు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద మూడు నాలుగు లైట్లు ఒకేసారి వెలిగితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నిన్న రాత్రి వరకు బాగానే నడిచిన బండి. ఎక్కడా గుద్దుకోలేదు, గుంటలో పడలేదు. అయినా ఏబీఎస్ అని ఒకటి, జారుతున్న కారు బొమ్మ ఒకటి, ఫోర్ వీల్ డ్రైవ్ చూపించుకోమని ఒకటి, టైరు బొమ్మలో ఆశ్చర్యార్థకం ఒకటి. ఆ కంగారులో మనవాళ్ళు సాధారణంగా రెండింటిలో ఏదో ఒకటి చేస్తారు. "ఏం కాదులే, వేడెక్కితే అవే పోతాయి" అని హైవే ఎక్కేస్తారు. లేదా తిన్నగా డీలర్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పిన పార్టులన్నీ మార్పించుకుని బిల్లు కట్టి వస్తారు. ఈ రెంటికీ ముందు చేయవలసిన అరగంట పని ఒకటుంది. ఈ అధ్యాయం ఆ అరగంట గురించి.

మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్ పడమటి భాగం, కొలరాడో కొండలు, సరిహద్దు దాటితే ఒంటారియో, అల్బర్టా. ఈ చలి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళలో పికప్ ట్రక్కు ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. మనలో చాలామంది స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నది విజయవాడ ఎండలోనో, హైదరాబాదు ట్రాఫిక్‌లోనో. రోహిణి కార్తెలో రేడియేటర్ ఉడికిపోతే ఏం చేయాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చక్రం వెనక వైరు చుట్టూ గడ్డకట్టిన మంచు ఏం చేస్తుందో మాత్రం మనకెవరూ చెప్పలేదు. తెలుసుకుంటే పెద్ద విద్యేమీ కాదు.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. హెచ్చరిక లైటు వెలగ్గానే ఫలానా పార్టు పోయిందని అనుకోవద్దు. బండిలోని కంప్యూటర్‌కు ఒక చోటి నుంచి రావలసిన కబురు రాలేదు, లేదా వచ్చిన కబురు నమ్మేలా లేదు. ఆ లైటుకు ఉన్న అర్థం అంతే. మంచులో తిరిగొచ్చిన బండిలో ఆ కబురుకు అడ్డం పడేది చాలాసార్లు మంచే. కంట్లో నలుసు పడితే ముందు నీళ్ళతో కడుక్కుంటాం, ఆపరేషన్‌కు పరిగెత్తం కదా. ఇక్కడా అదే వరస. ముందు లైటు రంగు చూడాలి. తర్వాత మంచు వదిలించాలి. ఆపైన కొలవాలి. అప్పటికీ లైటు పోకపోతే కోడ్ చదవాలి. డబ్బు తీయడం అన్నిటికన్నా ఆఖరు పని.

ఎరుపైతే కదలొద్దు

ఎర్ర లైటు వెలిగితే ఆగాలి. పసుపు లైటు వెలిగితే జాగ్రత్తగా ఇల్లు చేరి, వీలైనంత తొందరగా సంగతి చూడాలి. ఆకుపచ్చ, నీలం రంగులు ఫలానాది పనిచేస్తోందని తెలపడానికే.

నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి. ఇల్లు రెండు మైళ్ళే కదా అనుకోవద్దు. ఆయిల్ ప్రెషర్ లేకుండా తిరిగే ఇంజన్‌లో బేరింగులు ఇనుముకు ఇనుము రాసుకుని పాడైపోతాయి. కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తగ్గి ఉంటే పోసి చూడొచ్చు. సరిపడా ఉండి కూడా లైటు మళ్ళీ వెలిగితే టో ట్రక్కును పిలవడం తప్ప దారి లేదు.

థర్మామీటర్ బొమ్మ వెలిగితే, ఇంత చలిలో ఇంజన్ వేడెక్కడమేమిటని ఆశ్చర్యపోతాం. దీనికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. మంచు మేటల్లోంచి దూసుకొచ్చినప్పుడు ముందు గ్రిల్‌లో మంచు గట్టిగా కూరుకుపోయి రేడియేటర్‌కు గాలి ఆడదు. ఇది చేత్తో తీసేస్తే పోయే బాధ. రెండోది అసలైన ప్రమాదం. వేసవిలో ఎవరో కూలెంట్ తగ్గిందని ఉత్త నీళ్ళు పోసి ఉంటారు. పలచబడిన ఆ కూలెంట్ ఇప్పుడు రేడియేటర్‌లో గడ్డకట్టి ప్రవాహం ఆగిపోతుంది. కూలెంట్, నీళ్ళు సగం సగం ఉంటే దాదాపు మైనస్ 34 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు. కూలెంట్ చిక్కదనం కొలిచే చిన్న పరికరం ఆటో పార్టుల షాపులో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. చలి ముదరకముందే ఒకసారి చూసుకుంటే సరి.

బ్యాటరీ లైటు వెలిగి, దానితోపాటు ఇంజన్ వేడి పెరుగుతూ, స్టీరింగ్ కూడా ఒక్కసారిగా బరువెక్కితే ఈ మూడింటినీ వేరువేరు జబ్బులనుకోవద్దు. ఇంజన్ ముందుండే బెల్టు జారిపోయి ఉంటుంది. చాలా ట్రక్కుల్లో ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును, హైడ్రాలిక్ స్టీరింగ్ పంపును తిప్పేది ఆ ఒక్క బెల్టే. కింది నుంచి ఎగదన్నిన మంచు పుల్లీల మధ్య గడ్డకట్టి బెల్టును పక్కకు తోసేయడం ఉత్తరాది మెకానిక్కులకు కొత్త కాదు. హుడ్ ఎత్తి చూస్తే కంటికే కనిపిస్తుంది. బెల్టు లేని బండిని నడపకూడదు.

ఎర్ర బ్రేక్ లైటు వెలిగితే ముందు పార్కింగ్ బ్రేక్ పూర్తిగా వదిలారా చూడండి. బురదమంచులో తిరిగొచ్చి రాత్రి పార్కింగ్ బ్రేక్ వేసి పెడితే, తడిసిన కేబులు తెల్లారేసరికి గడ్డకట్టి వదలకపోవచ్చు. అలాంటప్పుడు యాక్సిలరేటర్ తొక్కి బలవంతంగా లాగొద్దు. బ్రేకు వదిలే ఉంది, అయినా లైటు పోలేదంటే బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. ఎర్ర బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలిగాయంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని సర్దే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండొచ్చు. ఆ జత కనిపిస్తే మంచు రోడ్డు ఎక్కకండి.

పసుపు రంగులోదే అయినా ఎరుపు కింద లెక్కేయవలసిన లైటు ఒకటుంది. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే సిలిండర్లలో ఇంధనం సరిగా మండక, మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోతోందన్నమాట. అది క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. కన్వర్టర్ చాలా ఖరీదైన పార్టు. కాలు తగ్గించి, సురక్షితమైన చోట ఆపేయండి.

ముందు బ్యాటరీ, తర్వాతే మిగతావి

ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లు గుంపుగా వెలిగినప్పుడు నేను మొదట అనుమానించేది బ్యాటరీని. చలికి బ్యాటరీ సత్తువ పడిపోతుంది. అదే చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడానికి ఇంకా ఎక్కువ సత్తువ కావాలి. స్టార్ట్ అయ్యే ఆ రెండు మూడు క్షణాల్లో వోల్టేజి బాగా పడిపోతే ఏబీఎస్, స్టీరింగ్, ట్రాక్షన్ కంప్యూటర్లు సరిగా మేలుకోక తలా ఒక లైటు వెలిగిస్తాయి. వాటిలో ఏ ఒక్కదానికీ నిజంగా జబ్బు ఉండదు.

ఒక మల్టీమీటర్ కొని పెట్టుకోండి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4కి దిగితే తగ్గుముఖం. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు పాత తరహా ఆల్టర్నేటర్లలో 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త ట్రక్కుల్లో కంప్యూటర్ అవసరాన్నిబట్టి కొంచెం అటూ ఇటూ చేస్తుంది. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే శుభ్రం చేసి బిగించండి. దీనితోనే సగం లైట్లు పోయిన బండ్లు నేను చూశాను.

ఒక హెచ్చరిక. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బి, పగులుబారి కనిపించే బ్యాటరీకి జంపర్ కేబుళ్ళు తగిలించకండి. పేలొచ్చు.

ఏబీఎస్, ట్రాక్షన్, ఫోర్ వీల్: ముగ్గురూ ఒకేసారి

మంచు కాలంలో నాకు వచ్చే ఫోన్లలో అన్నిటికన్నా ఎక్కువ ఈ మూడు లైట్ల గురించే. మిన్నెసోటా నుంచి ఒక కుర్రాడు చేసిన ఫోను ఇలా సాగింది.

"అన్నా, నిన్న పార్కింగ్ లాట్‌లో రివర్స్ చేస్తుంటే వెనక చక్రం మంచు గుట్టలోకి ఎక్కేసింది. పొద్దున మూడు లైట్లు వచ్చాయి. డీలర్ వచ్చే గురువారం దాకా టైం లేదంటున్నాడు. నడపొచ్చా?"

"బ్రేక్ లైటు ఎర్రగా ఉందా తమ్ముడూ?"

"లేదన్నా, అన్నీ పసుపే."

"పెడల్ గట్టిగానే ఉందా? లోపలికి కూరుకుపోవట్లేదు కదా?"

"మామూలుగానే ఉంది."

"అయితే ఒక అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకో. టార్చి తీసుకుని వెనక చక్రం లోపలి వైపు చూడు. ఏం కనిపిస్తోందో చెప్పు."

ఆ కుర్రాడికి కనిపించింది ఏమిటంటే, చక్రం లోపలి అంచు నుంచి షాక్ అబ్సార్బర్ దాకా మసి కలిసిన బూడిదరంగు మంచుగడ్డ. దాని మధ్యలోంచి పెన్సిలంత సన్నని నల్ల వైరు ఒకటి బిగుసుకుని వచ్చి, పట్టి ఉంచవలసిన క్లిప్పులోంచి ఊడి వేలాడుతోంది. అది చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ వైరు.

సంగతి ఇదీ. ప్రతి చక్రం ఇరుసు దగ్గర బొటనవేలంత సెన్సర్ ఉంటుంది. దానికి ఎదురుగా పళ్ళున్న చక్రమో, అయస్కాంతపు పట్టీయో తిరుగుతుంటుంది. రెంటి మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చి చూసే ఏబీఎస్ కంప్యూటర్, ఏ చక్రం జారుతోందో కనిపెడుతుంది. అవే అంకెలను ట్రాక్షన్ కంట్రోల్ వాడుకుంటుంది, స్టెబిలిటీ కంట్రోల్ వాడుకుంటుంది, చాలా ట్రక్కుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా వాడుకుంటుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి పికప్‌లతో సహా తేలికపాటి వాహనాలన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. కాబట్టి ఒక్క చక్రం కబురు ఆగితే ఈ ఏర్పాట్లన్నీ ఒకేసారి చేతులెత్తేస్తాయి. లైట్లు మూడు, కారణం ఒక్కటి.

మంచు తీసేటప్పుడు చేయి తొందర పనికిరాదు. సమతలంలో బండి నిలిపి, గేరు పార్క్‌లో పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఎత్తిన బండి కిందికి దూరకండి. చెక్క పుల్లతోనో, ప్లాస్టిక్ బ్రష్షుతోనో గడ్డను కొంచెం కొంచెంగా వదిలించండి. సుత్తితో కొట్టొద్దు, స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. వైరుతో సహా ఊడొస్తుంది. మరిగే నీళ్ళు పోయడం చాలామంది చేసే పని. ఆ నీళ్ళే పది నిమిషాల్లో కనెక్టర్ లోపల గడ్డకట్టి మొదటికన్నా పెద్ద తంటా తెస్తాయి. అన్నిటికన్నా మంచి మందు వెచ్చని గరాజ్. ఒక రాత్రి లోపల ఉంచితే దానంతటదే కరిగి కారిపోతుంది. గరాజ్ లేకపోతే, గడ్డకట్టే చలి లేని రోజు చూసి, కింది భాగాన్ని కూడా కడిగే కార్ వాష్‌కు తీసుకెళ్ళి, కడిగాక కాసేపు నడిపి ఆరనివ్వండి.

ఊడిన వైరును క్లిప్పులోకి ఎక్కించి, క్లిప్పు విరిగి ఉంటే ప్లాస్టిక్ జిప్ టైతో కట్టండి. చక్రం పక్కకు తిరిగినా, పైకీ కిందికీ ఊగినా వైరు లాగుడు పడకుండా కొంచెం వదులు ఉంచాలి. తర్వాత వాహనాలు తిరగని వీధిలో గంటకు పది పదిహేను మైళ్ళ వేగంతో కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయండి. చాలా బండ్లలో సెన్సర్ పరీక్ష బండి కదిలాకే జరుగుతుంది. గరాజ్‌లో నిలబెట్టి లైటు పోలేదని బెంగపడటం అనవసరం. ఆ కుర్రాడి బండిలో లైట్లు రెండో స్టార్ట్‌కు పోయాయి. డీలర్ అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేయొద్దన్నాను. గట్టిగా లాగుడు పడిన వైరు లోపల తెగి ఉంటే మళ్ళీ తిరగబెడుతుంది.

పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉన్నప్పుడు మామూలు బ్రేకులు పనిచేస్తాయి. లేనిది జారుడు కాపుదల. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి నేరుగా జారిపోతుంది. వేగం బాగా తగ్గించి, ముందు బండికి చాలా దూరం ఉంచి, ట్రెయిలర్ తగిలించకుండా ఇల్లు చేరండి. ఇంకో సంగతి. జారుతున్న కారు బొమ్మ మీరు మంచులో నడుపుతున్నప్పుడు మిణుకుమిణుకుమంటే అది లోపం కాదు. ట్రాక్షన్ కంట్రోల్ తన పని తాను చేసుకుంటోంది. ఆగకుండా నిలకడగా వెలిగితేనే సంగతి చూడాలి.

సెన్సర్‌కు అసలు శత్రువు రోడ్డు మీద చల్లే ఉప్పు. మంచు వారంలో కరుగుతుంది. ఉప్పు మాత్రం సెన్సర్ కూర్చునే చోట తుప్పు పెంచి, దాన్ని పళ్ళ చక్రం నుంచి మెల్లగా దూరం నెడుతుంది. మిల్లీమీటరు ఖాళీలో అది చాలు. 2005లో జనరల్ మోటార్స్ సంస్థ, ఉప్పు ఎక్కువగా వాడే ఉత్తరాది రాష్ట్రాల్లోని 1999–2002 పికప్‌లను, ఎస్‌యూవీలను దాదాపు 8 లక్షలు వెనక్కి పిలిపించింది ఈ తుప్పు వల్లే. వాటిలో తుప్పు పట్టిన సెన్సర్ తప్పుడు అంకెలు పంపి, ఆగబోయే ముందు తక్కువ వేగంలో ఏబీఎస్ అనవసరంగా పనిచేసి, బండి ఆగే దూరం పెరిగేది. కొనబోయే పాత ట్రక్కు ఇలాంటి రాష్ట్రంలో తిరిగినదైతే, నున్నగా మెరిసే బాడీని చూసి మురిసిపోకుండా చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడండి.

టైరు బొమ్మ

దీనికి భయపడవలసింది లేదు, నిర్లక్ష్యం చేయదగినదీ కాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే మామూలు టైరులో ఒక పీఎస్‌ఐ గాలి తగ్గుతుంది. 60 డిగ్రీలున్న అక్టోబరు రోజున 35 నింపితే, జనవరిలో సున్నా డిగ్రీల పొద్దున అది 29 దగ్గరుంటుంది. ఈలోపు సహజంగా కారిపోయేది కూడా కలిస్తే ఇంకా తక్కువ. అమెరికా నియమం ప్రకారం 2008 మోడల్ నుంచి వచ్చిన తేలికపాటి వాహనాల్లో గాలి ఉండవలసిన దానికంటే నాలుగో వంతు తగ్గితే ఈ లైటు వెలగాలి. అంటే 35 ఉండవలసిన చోట 26కి దిగాక. లైటు వెలగలేదు కాబట్టి గాలి సరిపోయిందనుకోవడం పొరపాటు. పొద్దున వెలిగి, హైవే ఎక్కాక టైరు వేడెక్కి ఆరిపోతే "బాగైపోయింది" అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

ఎంత గాలి ఉండాలో టైరు పక్కన అచ్చేసిన అంకె చెప్పదు. అది ఆ టైరు గరిష్ఠ పరిమితి. మీ బండికి ఎంత కావాలో డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద అతికించిన స్టిక్కర్ చెబుతుంది. బండి కదపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి నింపండి. హెవీ డ్యూటీ ట్రక్కుల్లో 60, 80 పీఎస్‌ఐ టైర్లుంటాయి. వాటిలో అదే చలికి తగ్గుదల ఇంకా ఎక్కువ. స్టార్ట్ చేయగానే ఈ లైటు నిమిషం, నిమిషంన్నర సేపు కొట్టుకుని తర్వాత నిలకడగా వెలిగితే సంగతి గాలి కాదు, సెన్సర్‌ది. చక్రం లోపలి సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, లేదా శీతకాలపు టైర్లు మార్చినప్పుడు సెన్సర్లు లేని రిమ్ములు బిగించి ఉండొచ్చు.

హైవే మీద స్టీరింగ్ వణుకుతుంటే, అలైన్‌మెంట్‌కు పరిగెత్తేముందు రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. ఒక పక్క గడ్డకట్టిన మంచు చక్రం బరువు చెడగొడుతుంది. అది తీస్తే వణుకు పోతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్, చెక్ ఇంజన్, ముందు రాడార్

ఫోర్ వీల్ లైటు కొట్టుకుంటుంటే గేరు మార్పు సగంలో ఆగిందని. ‘ఫోర్ లో’ (4 Low) గేరుకు మార్చాలంటే చాలా ట్రక్కుల్లో బండి దాదాపు ఆగి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. పొడి రోడ్డు మీద పార్ట్ టైం ఫోర్ వీల్‌లో తిరిగితే ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి బిగుసుకుంటాయి, టూ వీల్‌కు రావు. తిన్నగా కొన్ని అడుగులు వెనక్కి నడిపితే ఆ బిగువు సడలి మారుతుంది. మంచు లేని రోడ్డుకు రాగానే టూ వీల్‌కు మార్చే అలవాటు చేసుకోండి.

ముందు రాడార్, కెమెరా అడ్డుపడ్డాయని సందేశం వస్తే గ్రిల్ మీద బ్యాడ్జి, బంపరు, అద్దం పైభాగం మెత్తని బ్రష్షుతో తుడవండి, అంతే. రాడార్ మీద ఐస్ గీరే పార వాడొద్దు. ఎలాగూ జారే రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ వాడకూడదు.

నిలకడగా వెలిగిన చెక్ ఇంజన్ లైటుకు ఒక కోడ్ రీడర్ చాలు. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారుకు, తేలికపాటి ట్రక్కుకు స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటుంది. చవక రీడర్లు ఇంజన్‌కు సంబంధించిన పీ కోడ్‌లే చూపిస్తాయి. ఏబీఎస్‌కు సీ కోడ్‌లు కూడా చదివేది కావాలి. సీ0035 వస్తే ఎడమ ముందు చక్రం సెన్సర్ సర్క్యూట్. పీ0128 వస్తే ఇంజన్ చేరవలసిన వేడికి చేరడం లేదు, థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయిందేమో చూడాలి. చలికాలంలో ఇది తరచు కనిపిస్తుంది, హీటర్‌లో గోరువెచ్చని గాలే వస్తుంటే మరీ అనుమానించాలి. పీ0457 వస్తే చేతికి గ్లోవులతో హడావిడిగా గ్యాస్ కొట్టించుకుని మూత సరిగా బిగించలేదేమో చూడండి. పొడి మంచులో చాలాసేపు నడిపాక ఇంజన్ లాగడం తగ్గితే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. లోపలికి పీల్చిన మంచు ఫిల్టర్‌ను తడిపేసి ఉండొచ్చు.

కోడ్ చదివిన వెంటనే చెరిపేయకండి. ఆ క్షణంలో వేగమెంత, ఇంజన్ వేడెంత అన్న వివరాలు దానితోపాటు నమోదై ఉంటాయి. చెరిపితే మెకానిక్‌కు ఆధారం పోతుంది. పొగ పరీక్ష ఉన్న రాష్ట్రంలో అప్పుడే చెరిపిన బండి పరీక్షకు సిద్ధంగా లేదని తిప్పి పంపుతారు. ఫోన్‌లో ఫోటో తీసుకోండి, చాలు.

డీజిల్ ట్రక్కు ఉన్నవాళ్ళకు రెండు ముక్కలు. పొగ శుద్ధికి పోసే డెఫ్ ద్రావణం 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ట్యాంకులోని హీటర్ దాన్ని కరిగిస్తుంది. అందులో నీళ్ళు గానీ, గడ్డకట్టకుండా మందులు గానీ కలపకండి. ఇన్ని మైళ్ళ తర్వాత వేగం తగ్గిస్తానని స్క్రీన్ మీద లెక్క మొదలైతే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇంకొకటి, వెచ్చని రాష్ట్రంలో నింపుకున్న డీజిల్‌తో ఉత్తరాదికి వస్తే అందులోని మైనం గట్టిపడి ఫిల్టర్ మూసుకుపోతుంది. చలి ప్రాంతంలోకి రాగానే అక్కడి శీతకాలపు డీజిల్ నింపుకోండి.

లైటు లేని ప్రమాదం

ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి డ్యాష్‌బోర్డు మీద లైటు లేదు. మంచులో కూరుకుపోయిన బండి పొగగొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మగత. నిద్ర వస్తోందనుకుంటారు.

రాత్రంతా మంచు పడిన బండిని వెచ్చబెట్టడానికి స్టార్ట్ చేసేముందు వెనక్కి వెళ్ళి పొగగొట్టం చుట్టూ పారతో తవ్వండి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి మీరు బయట మంచు తవ్వడం ఎప్పుడూ చేయొద్దు. తలుపు మూసిన గరాజ్‌లో ఇంజన్ నడపొద్దు. దారిలో చిక్కుకుంటే బండి వదిలి నడిచిపోకుండా 911కు ఫోన్ చేసి, గంటకు పది నిమిషాల చొప్పున మాత్రమే ఇంజన్ నడుపుతూ, ప్రతిసారీ ముందుగా గొట్టం చూసుకుని, ఒక అద్దం కొంచెం దించి ఉంచండి. 2022 డిసెంబరులో బఫలోను ముంచెత్తిన తుఫానులో తమ వాహనాల్లోనే చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇంట్లో పెట్టుకునే బ్యాటరీ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి గరాజ్ పక్క గదిలో పెట్టండి. మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, పొద్దున్నే బండి వేడి చేద్దామని వాళ్ళు గరాజ్‌లో స్టార్ట్ చేయకుండా ముందే చెప్పండి.

చలి తగ్గిన రోజల్లా బండి కింది భాగం కడిగించండి. ఉప్పు వదిలిన మేరకు వచ్చే ఏడాది లైట్లు తగ్గుతాయి. ఇక ఈ రాత్రే చేయగలిగిన పని ఒకటుంది. ముందు అద్దం కింద ఎడమ మూల కనిపించే 17 అక్షరాల, అంకెల వాహన గుర్తింపు సంఖ్యను రాసుకుని, అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో రీకాల్స్ పేజీలో కొట్టి చూడండి. పాత బండి కొన్నవాళ్ళు తప్పకుండా చూడాలి, ఎందుకంటే రీకాల్ ఉత్తరం పాత యజమాని చిరునామాకే వెళ్ళి ఉండొచ్చు. మీ బండి మీద భద్రతా రీకాల్ ఉండి, బండి 15 ఏళ్ళలోపుదైతే, ఆ మరమ్మతుకు డీలర్ మీ దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు.